హైస్కూలు మెట్టెక్కిన తరువాత చదవడం నేర్పడం: ఒక సమీక్ష

ఉన్నత పాఠశాల వ్యవస్థ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ఐదో తరగతి దాటి వచ్చిన పిల్లలకు చదవడం వచ్చేసి ఉంటుందని, ఇక వారు చదివి విషయాలు నేర్చుకోవడమే మిగిలి ఉందని ఆ నమ్మకం. అమెరికా విద్యావేత్త జీన్ చాల్ 1983లో పఠన వికాసాన్ని దశలుగా విభజించినప్పుడు, చదవడం నేర్చుకునే దశకూ నేర్చుకోవడానికి చదివే దశకూ మధ్య గీతను సుమారు నాలుగో తరగతి దగ్గర గీశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆరు నుంచి పదో తరగతి వరకు నడిచే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో టైంటేబుల్, పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయుల శిక్షణ, పరీక్షలు అన్నీ ఆ గీతకు ఆవలి పక్కనే ఉన్నాయి. గీతకు ఈవలే ఆగిపోయిన పిల్లలు కూడా అదే గదిలో కూర్చుంటున్నప్పటికీ, వారికి చదవడం నేర్పవలసింది ఎవరు, ఏ పీరియడ్‌లో, ఏ పుస్తకంతో అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు.

అటువంటి పిల్లలు కొద్దిమంది కారు. ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ చొరవతో 2005 నుంచి వెలువడుతున్న అసర్ (వార్షిక విద్యాస్థితి) నివేదికల కోసం పరిశీలకులు గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి, అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అనే నాలుగు మెట్ల మీద పిల్లల పఠనాన్ని కొలుస్తారు. 2022 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి చదువుతున్నవారిలో ఆ చివరి మెట్టు ఎక్కగలిగినవారు 69.6 శాతం కాగా, 2018లో వారు 73 శాతం. 14 నుంచి 18 ఏళ్ల వయసువారి మీద దృష్టి పెట్టిన 2023 నివేదిక 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాలను పరిశీలించి, వారిలో దాదాపు నాలుగోవంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోతున్నారని తేల్చింది. రెండో తరగతి కథ చదవగలిగిన ప్రతివారూ ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రాన్ని చదవగలరని చెప్పడానికి లేదు గనుక, ఉన్నత పాఠశాల అవసరాల దృష్టితో చూస్తే సహాయం కావలసినవారి సంఖ్య ఈ అంకెలు చూపేదానికంటే పెద్దదే.

ఈ వెనుకబాటు ఉన్నచోట ఉండేది కాదు. కెనడా పరిశోధకుడు కీత్ స్టానోవిచ్ 1986లో దీనిని ధనికుడు మరింత ధనికుడయ్యే తీరుతో పోల్చారు: చదవగలిగిన పిల్లలు ఎక్కువ చదివి, ఆ చదివినదాని వల్ల మరిన్ని మాటలు తెలుసుకుని, ఇంకా బాగా చదువుతారు, చదవలేనివారు పుస్తకానికి దూరమై, వచ్చిన కొద్దిపాటి నేర్పునూ వాడక పోగొట్టుకుంటారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గనిమియన్ ఢిల్లీలో కంప్యూటర్ ఆధారిత బోధన మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ఎడం అంకెల్లో కనిపిస్తుంది. వారు పరిశీలించిన ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఆరో తరగతిలో హిందీలో సగటున అర తరగతి వెనుక ఉండగా, తొమ్మిదికి వచ్చేసరికి రెండున్నర తరగతుల వెనుక ఉన్నారు. పాఠ్యప్రణాళిక తన వేగంతో తాను ముందుకు సాగిపోతుంటే, పిల్లలు మొదట జారిన మెట్టు దగ్గరే ఉండిపోయారన్న మాట. దీనికి మందుగా 2009 విద్యాహక్కు చట్టం తెచ్చిన, 2019 సవరణతో సడలిన నిర్బంధ ఉత్తీర్ణత నిబంధనను పూర్తిగా ఎత్తివేసి, పిల్లలను మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టాలనే వాదన తరచూ వినిపిస్తుంది. అర్థం కాని పాఠాన్ని రెండో ఏడాదీ అదే పద్ధతిలో వినిపించడం వల్ల చదవడం ఎలా వస్తుందో ఆ వాదన చేసేవారు వివరించరు గనుక ఈ సమీక్ష దానిని ఇంతటితో వదిలివేస్తుంది.

వెనుకబడినవారికి మళ్లీ నేర్పే పునర్బోధన ప్రణాళికలు విఫలమవుతున్న చోటు వేరే ఉంది. 'చదవలేని పిల్లలు' అనే ఒక్క మాట కింద కనీసం మూడు రకాల ఇబ్బందులను కలిపేసి, అందరికీ ఒకే వైద్యం చేయడం దగ్గర అవి దెబ్బతింటున్నాయి. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో ప్రతిపాదించిన 'పఠన సరళ సిద్ధాంతం' ఈ చిక్కును విడదీయడానికి ఇప్పటికీ పనికివచ్చే పనిముట్టు. చదివి అర్థం చేసుకునే శక్తి అనేది రెండు శక్తుల గుణకార ఫలితమని, ఒకటి రాతను చూసి మాటగా పలకగలగడం కాగా రెండోది ఆ మాటలను చెవితో విన్నప్పుడు అర్థం చేసుకోగలగడమని ఆ సిద్ధాంతం చెబుతుంది. ఇక్కడ కూడికకు బదులు గుణకారం ఉండడంలోనే అసలు సంగతి ఉంది. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ఒకదాని లోటును రెండోది పూడ్చలేదు. అమెరికాలో ఐదు నుంచి పదో తరగతి విద్యార్థుల మీద వాంగ్, సబాతినీ, ఓరైలీ తదితరులు 2019లో ప్రచురించిన అధ్యయనం దీనికి మరో మాట జోడించింది. అక్షరాన్ని మాటగా మార్చే నేర్పు ఒక కనీస స్థాయికి చేరనివారికి ఏళ్లు గడిచినా అవగాహన పెద్దగా పెరగలేదని, ఆ గడప దాటినవారికే పెరుగుదల కనిపించిందని వారు గమనించారు. గడపకు ఈవల ఉన్న విద్యార్థికి పాఠం సారాంశం రాయించడం, ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించడం వృథా ప్రయాస అని దీని భావం.

తెలుగులో ఆ గడప ఎక్కడుంది? సిద్ధాంత గ్రంథాలు ఎక్కువగా ఇంగ్లీషు రాతను ఆధారం చేసుకుని పుట్టినవి గనుక, ఈ ప్రశ్నకు వాటిలో నేరుగా సమాధానం దొరకదు. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలు నేర్చుకోవడం సులభం, వాటి పలుకుబడిని ఊహించడం కష్టం. తెలుగులో రాసినట్టే పలుకుతారు కాని, గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. ముప్పై అయిదు హల్లులకు పన్నెండేసి గుణింత రూపాలు లెక్క వేసినా నాలుగు వందలు దాటుతాయి. వాటికి ఒత్తులు చేరితే లెక్క ఇంకా పెరుగుతుంది. సోనాలి నాగ్ 2007లో కన్నడ పిల్లల మీద ప్రచురించిన పరిశోధన, ఇటువంటి అక్షరమాలను పూర్తిగా వశం చేసుకోవడానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఆపైన కూడా, సమయం పడుతుందని చూపింది. లిపి స్వభావంలో తెలుగు కన్నడానికి తోబుట్టువు గనుక అదే ఇక్కడా వర్తిస్తుందని అనుకోవడం తప్పు కాదు. అంటే ఒకటి, రెండు తరగతుల్లోనే అక్షరాల పని ముగిసిందని భావించి మూడో తరగతి వాచకం తెరిచే పాఠశాల, పిల్లలను దారి మధ్యలో వదిలేసినట్టే.

ఉన్నత పాఠశాలకు వచ్చిన బలహీన పఠితల్లో మొదటి గుంపు అక్షరాల దగ్గరే ఆగినవారిది; వారిలోనూ అచ్చులు, హల్లులు బొత్తిగా రానివారు తక్కువే. ఎక్కువమంది తడబడేది గుణింతాల చివర్లోనూ ఒత్తుల దగ్గరా. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆయా హల్లులతో రూపసామ్యం దాదాపు ఉండదు. 'పు', 'వు' లలో కొమ్ము మిగిలిన అక్షరాలకు తగిలినట్టు తగలదు. 'హా', 'మో', 'ఘో' వంటివి తమ దారి తమవి. అన్నిటికంటే పెద్ద చిక్కు రాతలో కనిపించే క్రమానికీ పలికే క్రమానికీ మధ్య ఉన్న తేడా. 'శక్తి' అనే మాటలో గుడి కకారం నెత్తిన ఉంటుంది, దాని ధ్వని మాత్రం కింద ఉన్న తకారం తరువాత వస్తుంది. ఎదుట కనిపించినదాన్ని కనిపించిన వరసలో పలికే పిల్లవాడు దానిని 'శకిత' అని చదివితే, అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. అతనికి తెలిసిన నియమాన్ని అతను నిజాయితీగా పాటించిన ఫలితం. ఈ ఒక్క సూత్రాన్ని నేరుగా, మాటల్లో చెప్పి, పాతిక ముప్పై సంయుక్తాక్షర పదాలతో వారం రోజులు సాధన చేయిస్తే తీరే ఇబ్బందికి, పునర్బోధన పేరుతో మళ్లీ 'అ, ఆ' ల నుంచి పలక మీద దిద్దించడం జరుగుతూ వస్తోంది. పదమూడేళ్ల విద్యార్థికి అది అవమానం. పైగా రానిదాన్ని వదిలి వచ్చినదాన్ని నేర్పడం.

రెండో గుంపులోని పిల్లలకు అక్షరాలన్నీ వచ్చు, ఒత్తులు కూడా వచ్చు. అయితే వారు కూడబలుక్కుంటూ చదువుతారు. డేవిడ్ లాబెర్జ్, జే శామ్యూల్స్ 1974లో వివరించిన ప్రకారం మనిషి ధ్యాసకు పరిమితి ఉంది. అక్షరాన్ని గుర్తుపట్టడానికే అదంతా ఖర్చయిపోతే అర్థానికి మిగిలేది ఏమీ ఉండదు. వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోవడం ఈ పిల్లల లక్షణం. తెలుగులో దీనికి మాటల నిడివి కూడా తోడవుతుంది. 'చదువుకోలేకపోతున్నవాళ్లందరికీ' అన్న ఒక్క మాటలో పద్నాలుగు అక్షరాలున్నాయి. జీవశాస్త్రంలోని 'కిరణజన్యసంయోగక్రియ'లో పది. పెద్ద తరగతుల్లో పునర్బోధనకు అమెరికా విద్యాశాఖ పరిశోధన విభాగం 2022లో విడుదల చేసిన మార్గదర్శిని, నాలుగు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు చేసిన మొదటి సిఫారసే పొడవైన మాటలను విడదీసి చదివే నేర్పును పెంచాలనడం. తెలుగు బోధనలో ఈ పనికి కావలసిన సరంజామా ఎప్పటినుంచో ఉంది. సంధి, సమాసం అనే రెండు వ్యాకరణ విభాగాలు పిల్లలకు మాటలను కీళ్ల దగ్గర విడదీయడం నేర్పడానికే పుట్టినంత బాగా సరిపోతాయి. 'విద్యుదయస్కాంతత్వం' అన్న మాట ఎదురైనప్పుడు అది విద్యుత్, అయస్కాంతత్వం అనే రెండు మాటల కలయిక అని చూడగలిగిన విద్యార్థికి ఒక్కసారిగా చదవడమూ వస్తుంది, అర్థమూ తెలుస్తుంది. దురదృష్టవశాత్తు జశ్త్వ సంధి తెలుగు పీరియడ్‌లో రెండు మార్కుల నిర్వచనంగా మిగిలిపోయి, భౌతికశాస్త్రం పీరియడ్‌లోకి అడుగుపెట్టదు. పండిత శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు వ్యాకరణం మీద ఉన్న పట్టును పఠనం వైపు మళ్లించడం కంటే తక్కువ ఖర్చుతో అయ్యే సంస్కరణ మరొకటి కనిపించదు.

ఈ గుంపుకు మేలు చేసే సాధనల్లో శామ్యూల్స్ 1979లో ప్రచారంలోకి తెచ్చిన 'పునఃపఠనం' మొదటిది. నూరు నూటయాభై మాటల చిన్న భాగాన్ని ఉపాధ్యాయుడు ఒకసారి భావయుక్తంగా చదివి వినిపించాక, విద్యార్థి జతగానితో కలిసి దానినే మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ వేగాన్ని గమనించుకుంటూ చదవడం దీని పద్ధతి. ఇది యాంత్రికమని ఈసడించేవారు ఉన్నారు కాని, ఒక పద్యాన్ని ధారణ వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివించిన సంప్రదాయం ఉన్న భాషలో దీనికి కొత్తగా నచ్చచెప్పవలసినది ఏమీ లేదు.

మూడో రకం పిల్లలు ఉపాధ్యాయుల కంటికి ఆనరు. వారు గడగడా చదువుతారు, చదివినదేమిటని అడిగితే మౌనం. ఇక్కడ గుణకారంలోని రెండో అంశం బలహీనంగా ఉందన్న మాట. ఇంటి మాటకూ పుస్తకం మాటకూ ఉన్న దూరం ఇందుకు ఒక కారణం; ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పలుకుబళ్లతో పెరిగిన పిల్లలకు వాచకంలోని తెలుగు కొంతవరకు పరాయిదే. కోయ, గోండి, కొలామి, సవర మాట్లాడే పిల్లలకు అది పూర్తిగా రెండో భాష. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేసింది ఈ సంగతి తెలిసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రారంభించిన బహుభాషా విద్య కూడా ఆ బాటలోదే అయినా, అది ప్రాథమిక తరగతులకే పరిమితమైంది. దీనిమీద ఇటీవలి ఇంగ్లీషు మాధ్యమం వచ్చి చేరింది. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలను రెండు రాష్ట్రాలూ తెచ్చాయి; రెండు పుటల్లో ఏదీ సాఫీగా చదవలేని విద్యార్థికి అవి రెట్టింపు బరువు. ఏ భాషలో పునర్బోధన మొదలుపెట్టాలన్న ప్రశ్నకు తెలుగు వినడం, మాట్లాడడం వచ్చిన పిల్లల విషయంలో సందేహానికి తావు లేదు. చెవికి తెలిసిన భాషలోనే కంటికి చదవడం ముందుగా అలవడుతుంది.

అవగాహన లోపానికి బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఆన్‌మరీ పాలిన్‌సర్, ఆన్ బ్రౌన్ 1984లో ఏడో తరగతి పిల్లల మీద ప్రయోగించిన 'పరస్పర బోధన'. నలుగురైదుగురు పిల్లలు ఒక పేరా చదివి, ముందేమి రానున్నదో ఊహించడం, ప్రశ్న వేయడం, తెలియని మాటను తేటపరచుకోవడం, సారం చెప్పడం అనే నాలుగు పనులను వంతులవారీగా ఉపాధ్యాయుని స్థానంలో కూర్చుని నడుపుతారు. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు చదవగలిగి అర్థం చేసుకోలేకపోయినవారు మాత్రమే. ఆ షరతును విస్మరించి కూడబలుక్కునే పిల్లల మీద దీనిని రుద్దితే అది బృందచర్చగా కాక బృందమౌనంగా ముగుస్తుంది.

ఈ మూడు రకాలను విడదీయాలంటే పరీక్ష ఒక్కొక్కరికి విడిగా, నోటితో జరగాలి. బడిలో జరిగే నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక పరీక్షల (ఎఫ్.ఏ., ఎస్.ఏ.) మార్కులు ఇందుకు పనికిరావు. చూచిరాత, ముందే తెలిసిన ప్రశ్నలు, బట్టీ కలిసి ఆ మార్కులు ఎవరికి ఏమి రాదో దాచిపెడతాయి. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి పిల్లలు ఆరో తరగతిలో చేరే జూన్ మాసం ఈ పరీక్షకు అనువైన సమయం. అసర్ తరహా మెట్ల పరీక్షకు ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు సరిపోతాయి. అది దాటినవారికి ఆరో తరగతి విజ్ఞానశాస్త్రం నుంచి ఒక పేరా చదివించి, నిమిషానికి ఎన్ని అక్షరాలు సరిగా చదివారో గుర్తించి, అదే స్థాయి పేరాను మరొకదాన్ని చదివి వినిపించి ప్రశ్నలు అడగాలి. విన్నప్పుడు అర్థమై, చదివినప్పుడు అర్థం కాకపోతే లోపం పఠనంలో; విన్నా అర్థం కాకపోతే లోపం భాషలో. ఇంగ్లీషు ప్రమాణాల్లోలాగా నిమిషానికి మాటల లెక్క తెలుగుకు సరిపడదు. పద్నాలుగక్షరాల మాటనూ 'ఇల్లు'నూ ఒకటిగా లెక్కించడం న్యాయం కాదు గనుక అక్షరాల లెక్కే మేలు. పరీక్షకు ముందే కళ్లజోడు అవసరమైనవారిని గుర్తించడం మరో పని. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు తొలి దశను బడి పిల్లలతోనే ప్రారంభించడం వెనుక ఉన్న తర్కం ఇక్కడా పనిచేస్తుంది. శ్రద్ధగా నేర్పినా కదలిక లేని కొద్దిమందిలో, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉండే అవకాశాన్ని నిపుణుల చేత పరిశీలింపజేయాలి. ఆ ముద్రను ఉపాధ్యాయుడే వేయకూడదు.

ఇక సమయం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు నిర్దేశించింది. అందులో నూరు రోజులు, రోజుకు నలభై నిమిషాల పీరియడ్ ఒకటి కేటాయిస్తే దాదాపు 67 గంటలు లభిస్తాయి. ఈ పీరియడ్ బడి వేళల్లోనే ఉండాలి. సాయంత్రం స్పెషల్ క్లాసులకు బస్సు పట్టుకోవలసినవారు, ఇంట్లో పని ఉన్న ఆడపిల్లలు మొదట తప్పుకుంటారు. అవసరం ఎక్కువ ఉన్నది తరచు వారికే. ఆటల పీరియడ్‌ను లాక్కోవడం అంతకంటే పొరపాటు. బలహీన విద్యార్థి బడిలో తలెత్తుకు తిరిగే ఒకే ఒక్క గంట అదే కావచ్చు. ఆరు, ఏడు తరగతులకు ఒకే సమయంలో పఠన పీరియడ్ పెట్టి, తరగతి గోడలు తీసేసి స్థాయిని బట్టి గుంపులు చేయడం ఆచరణలో నడిచే ఏర్పాటు. పాఠశాలల శక్తియుక్తులన్నీ పదో తరగతి ఫలితాల చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈ ఏర్పాటుకు ప్రధానోపాధ్యాయుడే కాపలాదారుగా నిలబడవలసి వస్తుంది.

స్థాయిని బట్టి బోధన ఎప్పుడు ఫలిస్తుందో చెప్పే సాక్ష్యం భారతదేశంలోనే ఉంది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రథమ్‌తో కలిసి చేసిన అధ్యయనాల్లో, బీహార్, ఉత్తరాఖండ్‌లలో ప్రభుత్వ ఉపాధ్యాయులకు శిక్షణ, పుస్తకాలు ఇచ్చి వదిలేసినప్పుడు విద్యాసంవత్సరంలో ఫలితం కనిపించలేదు. హర్యానాలో ప్రభుత్వ ఉపాధ్యాయులకే రోజుకు ఒక గంట విడిగా కేటాయించి, స్థాయి గుంపులు చేసి, క్రమంగా పర్యవేక్షించినప్పుడు ఫలించింది. శిక్షణ కంటే గంటా, గంటను కాపాడే పర్యవేక్షకుడూ ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది. ఇవి ప్రాథమిక తరగతుల ప్రయోగాలు గనుక ఉన్నత పాఠశాలకు యథాతథంగా వర్తించవు. కౌమారంలో ఉన్నవారి విషయంలో అమెరికా అనుభవం ఆశలను అదుపులో ఉంచుతుంది. రెండు నుంచి ఐదేళ్లు వెనుకబడిన తొమ్మిదో తరగతి విద్యార్థులకు 34 ఉన్నత పాఠశాలల్లో ఏడాది పాటు రోజూ అదనపు పఠన తరగతి నడిపినా, ఏడాది చివరికి పాల్గొన్నవారిలో 76 శాతం మంది ఇంకా రెండేళ్లో అంతకంటే ఎక్కువో వెనుకే ఉన్నారు. ఢిల్లీ కంప్యూటర్ కార్యక్రమం మాత్రం నాలుగున్నర నెలల్లో హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేర పెరుగుదల చూపింది. సగటు విద్యార్థి తన తోటివారి వరుసలో కొన్ని స్థానాలు ముందుకు జరిగినంత మేలు అది. దాని బలం యంత్రంలో కంటే, ప్రతివారికీ వారి స్థాయిలోనే ప్రశ్న ఇవ్వడంలో ఉంది.

తెలంగాణ ప్రాథమిక తరగతుల కోసం 2022లో తొలిమెట్టును, దాని తరువాత ఆరు నుంచి తొమ్మిదో తరగతి కోసం ఉన్నతిని ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో 'చదవడం మాకిష్టం' ప్రారంభించింది. ఉన్నత పాఠశాలకు ప్రత్యేకంగా ఒక కార్యక్రమం ఉండాలని గుర్తించడం పెద్ద ముందడుగే. అయితే ఇలాంటి కార్యక్రమాల ఆయుర్దాయం ప్రభుత్వాల ఆయుర్దాయంతో ముడిపడి ఉండడం, ఉపాధ్యాయుడు ఏటా ఒక కొత్త పేరున్న రిజిస్టరు నింపవలసి రావడం కూడా కాదనలేని నిజాలు. శాతాలను బట్టి పాఠశాలలకు ర్యాంకులిస్తే, పిల్లల పఠనం కంటే ముందు కాగితం మీది అంకెలు మెరుగవుతాయి.

పుస్తకాల విషయంలో చిక్కు వయసుకూ స్థాయికీ మధ్య ఉంది. స్థాయికి సరిపోయే పుస్తకంలో కుందేలు, తాబేలు ఉంటాయి; వయసుకు సరిపోయే పుస్తకం చదవడానికి రాదు. క్రికెట్, సినిమా, సైకిల్ రిపేరు, పాము కాటుకు ప్రథమ చికిత్స, ఊరి చెరువు లెక్కలు వంటి విషయాల మీద చిన్న వాక్యాల్లో, పెద్ద అక్షరాల్లో, పెద్దవారి గొంతుతో రాసిన తెలుగు పుస్తకాలు చాలా తక్కువ. హైదరాబాద్‌కు చెందిన మంచి పుస్తకం ప్రచురణలు, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లోని తెలుగు కథలు కొంత అక్కరకు వస్తాయి. వయసుకు తగని చిన్న పుస్తకాన్ని చదవడానికి గౌరవప్రదమైన కారణం కల్పించడం మరో ఉపాయం. ఎనిమిదో తరగతి విద్యార్థికి ఆవరణలోని ప్రాథమిక పాఠశాల పిల్లలకు శనివారం కథ చదివి వినిపించే బాధ్యత అప్పగిస్తే, అతను ఆ పుస్తకాన్ని వారమంతా సాధన చేస్తాడు. అది పునఃపఠనమే అయినా అతనికి అలా అనిపించదు. తరగతి మొత్తం ముందు లేపి వరుసగా తలా ఒక పేరా చదివించే అలవాటును మాత్రం ఈ పిల్లల విషయంలో మానుకోవాలి. తన వంతు ఎప్పుడొస్తుందోనన్న భయంతో ఉన్న విద్యార్థి మిగిలినవారు చదివినది ఒక్క మాటా వినడు.

ఒక ఏడాదితో పని ముగుస్తుందని రాసుకున్న ప్రణాళిక రెండో ఏడాది బడ్జెట్‌ను కోల్పోతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో షారన్ వాన్, జాక్ ఫ్లెచర్ బృందం ఆరో తరగతి నుంచి ఎనిమిది వరకు వెంటాడి చేసిన అధ్యయనంలో మొదటి ఏడాది లాభం స్వల్పం. మూడో ఏడాదికి కూడా సహాయం పొందుతూ వచ్చినవారు తమ స్థానం నిలబెట్టుకోగా, పొందనివారు ఇంకా కిందికి జారడం వల్ల రెండు గుంపుల మధ్య ఎడం స్పష్టమైంది. అందువల్ల ఆరో తరగతిలో తెరిచిన పఠన రిజిస్టరు, ఏప్రిల్‌లో చివరి పరీక్ష ఫలితంతో సహా, ఏడో తరగతి ఉపాధ్యాయుని చేతికి అందాలి. వేసవి సెలవుల తరువాత మొదటి వారంలోనే అదే పేరాతో మళ్లీ చదివించి, ఏప్రిల్‌లో నిమిషానికి ఎన్ని అక్షరాలు చదివారో, జూన్‌లో ఎన్ని చదివారో పక్కపక్కన రాసి, తగ్గినవారితో గుంపులు కట్టి పని మొదలుపెట్టాలి.